అయస్కాంతంతో బాబు కాళ్ళు సాగుతాయా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మూలపేట. మా బాబుకి ఐదేళ్ళు నిండాయి. ఎనిమిదో నెల మొదట్లోనే కాన్పు వచ్చేసింది. పుట్టినప్పుడు కిలోన్నర ఉన్నాడు. పదిహేను రోజులు గాజు పెట్టెలో ఉంచారు. మెడ ఆలస్యంగా నిలిపాడు. ఏడాదిన్నరకి కూర్చున్నాడు. ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడతాడు గాని మడమలు నేలకి ఆనవు. నడిపిస్తే కాళ్ళు రెండూ కత్తెరలా ఒకదానికొకటి అడ్డం పడతాయి. చేతులు బాగానే ఉన్నాయి. మాటలు కొంచెం నత్తిగా వస్తాయి గాని అన్నీ అర్థమవుతాయి. ఫిట్స్ మూడో ఏట రెండుసార్లు వచ్చాయి, మళ్ళీ రాలేదు. బరువు పదమూడు కిలోలు. పట్నంలో ఒక ఆసుపత్రివారు తలకి అయస్కాంతం మిషన్ పెట్టి నెల రోజులు వైద్యం చేస్తే కాళ్ళ బిగువు వదిలి నడుస్తాడని చెప్పారు. లక్షా ఎనభై వేలు అడుగుతున్నారు. మా ఆయన ఓడరేవు పనిలో కూలికి వెళ్తున్నారు. అత్తవారి వాటాగా వచ్చిన అరెకరం కొబ్బరితోట ఉంది. దాన్ని అమ్మేద్దామంటున్నారు. కడుపుతో ఉండగా నేను ఉప్పు మళ్ళలో పనికి వెళ్ళడం వల్లనే బిడ్డ ఇలా పుట్టాడని మా అత్త అంటోంది. మీరు ఏం చెబితే అది చేస్తాం.
– ఒక తల్లి, మూలపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి తోట సంగతి, ఒకటి మీ అత్తగారి మాట సంగతి. రెండోదానికే ముందు జవాబు చెబుతాను. దాన్ని మోస్తూ మీరు మొదటిదాన్ని సరిగా ఆలోచించలేరు.

మీ బాబుకి ఉన్నది సెరిబ్రల్ పాల్సీ అనిపిస్తోంది. తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటున్నారు. వెయ్యి కాన్పులకు ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కనిపిస్తుంది, అంత అరుదేమీ కాదు. మెదడు ఎదిగే కాలంలో, అంటే కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో, మెదడులో ఒక భాగం దెబ్బ తినడం వల్ల ఇది వస్తుంది. ఆ దెబ్బ తర్వాత పెరగదు. అంటుకునేదీ కాదు. మీ బాబు నెలలు నిండకుండా పుట్టాడు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య బిడ్డ మెదడు నడుమ ఉండే నీటి అరల పక్కన రక్తనాళాలు చాలా సున్నితంగా ఉంటాయి. రక్తం అందడంలో కొంచెం హెచ్చుతగ్గులైనా అక్కడి నరాల తీగలు దెబ్బతింటాయి. మెదడు పైపొర నుంచి కాళ్ళకు పోయే తీగలు సరిగ్గా ఆ అరల పక్క నుంచే దిగుతాయి. చేతులకు పోయేవి కొంచెం దూరంగా దిగుతాయి. అందుకే మీ బాబుకి చేతులు బాగుండి కాళ్ళు బిగుసుకున్నాయి. ఈ రకాన్ని డాక్టర్లు స్పాస్టిక్ డైప్లీజియా అంటారు.

నెలలు నిండకుండా కాన్పు ఎందుకొచ్చిందంటే చాలా సందర్భాల్లో డాక్టర్లకే ఇదీ కారణమని తేలదు. మీరు ఉప్పు మళ్ళకి వెళ్ళడంతో బాబు మెదడు దెబ్బతిందని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. ఉప్పు తాకితేనో, గ్రహణం చూస్తేనో పిల్లలకి ఈ జబ్బు రాదు. ఇంట్లో గడవక పనికి వెళ్ళిన మనిషి మీద నేరం మోపడం న్యాయం కాదు. ఈ పేజీ మీ అత్తగారికి చదివి వినిపించండి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు భయం వల్ల అక్కడినుంచి నాకొచ్చే ఉత్తరాల్లో సగం నీళ్ళ గురించే ఉంటాయి. కాబట్టి అదీ చెబుతున్నాను. ఆ కిడ్నీ జబ్బుకూ దీనికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు.

ఈ జబ్బు గురించి పెద్ద డాక్టర్లు కూడా చాలాకాలం తగవులాడుకున్నారు లెండి. లండన్‌లో విలియం లిటిల్ అనే శస్త్రవైద్యుడు 1861లో, కష్టమైన కాన్పు వల్లనే ఇది వస్తుందని వాదించాడు. మనస్తత్వశాస్త్రంతో పేరు పొందిన సిగ్మండ్ ఫ్రాయిడ్ అంతకుముందు నరాల డాక్టరు. ఆయన 1897లో ఇంకో మాటన్నాడు: బిడ్డ మెదడులో కడుపులోనే ఏదో లోపం ఉండి, దాని వల్లనే కాన్పు కష్టమై ఉండవచ్చు గదా అని. అప్పట్లో ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. చాలామంది పిల్లల విషయంలో ఆయన చెప్పిందే నిజమని తర్వాత తేలింది.

ఇక అయస్కాంతం సంగతి.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. సంతల్లో అమ్మే అయస్కాంతపు బెల్టులూ, అయస్కాంతపు నీళ్ళూ వేరు, మీకు చెప్పిన మిషన్ వేరు. ఊరికే కదలకుండా ఉన్న అయస్కాంతాన్ని తలకి కట్టుకుంటే మెదడుకి ఏమీ కాదు. ఈ మిషన్‌లో ఉన్నది నిజానికి అయస్కాంతం ముక్క కాదు, రాగి తీగచుట్ట. అందులోకి సెకనులో వెయ్యో వంతు కూడా లేని కాలంపాటు చాలా బలమైన కరెంటు వదులుతారు. ఆ క్షణంలో చుట్ట దగ్గర పుట్టే అయస్కాంత బలం ఎం.ఆర్.ఐ. మిషన్‌లో ఉండేదానికి సమానంగా ఉంటుంది. అది పుట్టీ పుట్టగానే మాయమవుతుంది. మారే అయస్కాంత బలం పక్కనున్న వస్తువులో కరెంటు పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. మన సైకిల్ డైనమో వెలిగేది ఆ సూత్రం మీదనే. ఇక్కడ పక్కనున్న వస్తువు మెదడు. పుర్రెకు కన్నం పెట్టకుండా, చర్మానికి సూది గుచ్చకుండా, ఎముక దాటి వెళ్ళి మెదడు పైపొరలో చిన్న కరెంటు పుడుతుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు 1985లో దీన్ని మొదటిసారి మనిషి తల మీద చేసి చూపించారు. తల మీద ఒకచోట చుట్ట పెట్టి వదిలితే చేతి వేళ్ళు వాటంతట అవే కదిలాయి. దీన్ని ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నటిక్ స్టిమ్యులేషన్ అంటారు. పొడుగు పేరు కాబట్టి ముక్తసరిగా టి.ఎం.ఎస్. అందాం.

మొదట్లో ఇది నరాల పరీక్ష కోసమే. తర్వాత, ఒకే చోట వందలసార్లు వరసగా వదిలితే అక్కడి మెదడు చురుకుదనం కొంతసేపు మారుతుందని గమనించారు. మెల్లగా, అంటే సెకనుకి ఒకటి చొప్పున కొడితే ఆ భాగం కాస్త మందగిస్తుంది. వేగంగా, అంటే సెకనుకి ఐదో పదో కొడితే చురుకవుతుంది. చాలావరకు అంతే, ప్రతి మనిషిలోనూ అలాగే జరుగుతుందని పట్టుబట్టలేం. మందులకు లొంగని డిప్రెషన్‌కి దీన్ని వాడడానికి అమెరికాలో 2008లో అనుమతి ఇచ్చారు. ఆ జబ్బుకి మన దేశంలో కూడా పెద్ద మానసిక వైద్యశాలల్లో వాడుతున్నారు. కాబట్టి మిషన్ బూటకమేమీ కాదు. నిజమైనదే. అయితే డిప్రెషన్‌లో పనిచేసిన మిషన్ మీ బాబు కాళ్ళకి కూడా పనిచేస్తుందా అన్నదే ప్రశ్న.

సెరిబ్రల్ పాల్సీలో దీన్ని ఎందుకు ప్రయత్నించారో చూడండి. మెదడు నుంచి కిందికి పోయే తీగలు రెండు పనులు చేస్తాయి. ఒకటి, కదలమని చెప్పడం. రెండు, వెన్నుపాములో ఉండే బిగువు పుట్టించే వలయాన్ని అదుపులో పెట్టడం. తీగలు దెబ్బతింటే కదలిక బలహీనమవుతుంది, అదుపు తప్పి బిగువు పెరుగుతుంది. మెదడు పైపొరను చురుకు చేస్తే, మిగిలి ఉన్న తీగల ద్వారా ఆ అదుపు కొంత తిరిగి వస్తుందేమోనని ఆశ. ఆలోచన సబబైనదే.

బ్రెజిల్‌లో 2007లో పదిహేడుగురు పిల్లల మీద చేసి చూశారు. కాళ్ళూ చేతులూ నాలుగూ బిగుసుకున్న పిల్లలు వాళ్ళు. సెకనుకి ఐదు చొప్పున ఇచ్చిన పిల్లల్లో మోచేతి బిగువు కొంత తగ్గింది. ఇచ్చింది ఐదు రోజులు. కెనడాలోని కాల్గరీలో ఆడమ్ కర్టన్ అనే పిల్లల నరాల డాక్టరు బృందం 2016లో మరింత గట్టి ప్రయోగం ప్రకటించింది. నలభై ఐదుమంది పిల్లలు, ఆరేళ్ళ నుంచి పందొమ్మిదేళ్ళ దాకా. పుట్టుకతో మెదడులో ఒక పక్క రక్తనాళం మూసుకుపోయి, ఒక చెయ్యి స్వాధీనంలో లేనివాళ్ళు. వాళ్ళని రెండు వారాలు శిబిరంలో పెట్టి రోజంతా చేతి పని నేర్పించారు. కొందరికి మంచి చేతిని కట్టేసి చెడ్డ చేతితోనే పని చేయించారు. కొందరికి మంచి పక్క మెదడు మీద టి.ఎం.ఎస్. ఇచ్చారు, దాని పెత్తనం కొంచెం తగ్గించడానికి. కొందరికి రెండూ. ఆరు నెలల తర్వాత చూస్తే రెండూ కలిపి చేసినవారికి ఎక్కువ మేలు కనిపించింది. ప్రమాదాలేవీ జరగలేదు. మన దేశంలో ఢిల్లీ ప్రాంతంలో కూడా, రోజుకు 1500 చొప్పున ఇరవై రోజులు ఇచ్చి, వెంటనే వ్యాయామం చేయించి, బిగువు కొంత తగ్గిందని, కదలికల మార్కులు పెరిగాయని ప్రకటించారు. చిన్న చిన్న గుంపులు.

ఇవన్నీ చదివి నేను నిరుత్సాహపడలేదు, ఉత్సాహపడి ఎగిరి గంతులూ వెయ్యలేదు. మీరు గమనించవలసింది ఒకటుంది. కెనడా పిల్లల జబ్బు మీ బాబు జబ్బు కాదు. వాళ్ళకి పోయింది ఒక పక్క చెయ్యి. చేతికి సంబంధించిన భాగం మెదడు పైపొర మీద, పుర్రెకి కిందనే ఉంటుంది. మామూలు తీగచుట్ట ప్రభావం రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే. కాళ్ళకు సంబంధించిన భాగం మెదడు రెండు సగాల మధ్యనున్న పగులు లోపలికి మడిచినట్లు ఉంటుంది. అక్కడికి చేరడం కష్టం. లోతుకు పోయే వేరే ఆకారపు చుట్టలు ఉన్నాయి గాని వాటితో ఒక్క కాళ్ళ భాగాన్నే తాకడం కుదరదు. చిన్నపిల్లల నరాలకి పైపూత ఇంకా పూర్తికాక, పెద్దవాళ్ళకంటే ఎక్కువ బలం ఇస్తే గాని పలకవు. అంటే ఒక రకం పిల్లల్లో వచ్చిన ఫలితాన్ని చూపించి ఇంకో రకం పిల్లవాడి తండ్రి దగ్గర డబ్బు అడగడం సరి కాదు.

ఇంకొకటి. కెనడా, ఢిల్లీ ప్రయోగాల్లో మిషన్ ఒక్కటే పెట్టి పిల్లల్ని ఇంటికి పంపలేదు. దానితోపాటు వ్యాయామమో, చేతి పనో ఉన్నాయి. మిషన్ నేలని దున్నితే విత్తనం వ్యాయామం. నెల రోజులు తలకి మిషన్ పెట్టి, పది నిమిషాలు కాళ్ళు వంచి పంపిస్తే పంట ఏదీ?

మిషన్ పెట్టాక మా పిల్లాడు బాగుపడ్డాడు అని చెప్పే తల్లిదండ్రులు మీకు దొరుకుతారు. వాళ్ళు అబద్ధమాడరు. కాని సెరిబ్రల్ పాల్సీ పిల్లలు కూడా ఎదుగుతారు. నడకకి సంబంధించిన నేర్పులో ఎక్కువ భాగం ఐదు నుంచి ఏడేళ్ళ లోపల వస్తుంది. ఆ వయసులో ఏ వైద్యం చేసినా, చెయ్యకపోయినా, నెలకి నెలకి కొంత తేడా కనిపిస్తుంది. అందుకే ప్రయోగాలు చేసేవారు సగంమంది పిల్లలకి టకటకమని శబ్దం మాత్రం వచ్చే ఉత్తుత్తి చుట్ట పెడతారు. ఉత్తుత్తి చుట్టతో కూడా కొందరు బాగుపడతారు. ఆ తేడా తీసేసి మిగిలిందే మిషన్ వల్ల వచ్చిన మేలు.

ప్రమాదం సంగతి. తల మీద తట్టినట్లుంటుంది, శబ్దం పెద్దది కాబట్టి చెవులకి దూది గాని తొడుగులు గాని పెట్టాలి. కొందరికి తలనొప్పి వస్తుంది. అసలు భయపడవలసింది ఫిట్స్‌కి. నియమాలు పాటిస్తే చాలా అరుదు. కాని మీ బాబుకి ఇంతకుముందు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మెదడుని చురుకు చేసే వేగంతో ఇస్తారట గనక ఆ సంగతి వాళ్ళకి తప్పకుండా చెప్పాలి. ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, జ్వరంతో వచ్చాయా, ఇ.ఇ.జి. తీశారా అని వాళ్ళే మిమ్మల్ని ముందు అడిగి ఉండాలి. అడగకుండా డబ్బు మాట మాత్రమే మాట్లాడి ఉంటే నాకు అంతటితో నమ్మకం పోతుంది. తలలో లోహపు క్లిప్పులో, చెవిలో అమర్చిన వినికిడి యంత్రమో, నీరు తీసే గొట్టానికి అయస్కాంతంతో సర్దే కవాటమో ఉన్న పిల్లలకి దీన్ని అసలు దగ్గరికి రానివ్వకూడదు.

ఆ ఆసుపత్రికి మళ్ళీ వెళితే మీ ఆయన్ని ఈ మాట అడగమనండి: ఇది ప్రయోగమా, ఖాయమైన వైద్యమా? ప్రయోగమైతే దేశంలోని ప్రయోగాల రిజిస్టరులో నమోదై ఉండాలి, నైతిక సంఘం అనుమతి కాగితం ఉండాలి, మీకు అర్థమయ్యే తెలుగులో రాసిన అంగీకార పత్రం ఉండాలి. ప్రయోగం కోసం చేసే వైద్యానికి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఖాయమైన వైద్యమంటే, నడుస్తాడని కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. సంతకం పెట్టరు. సెరిబ్రల్ పాల్సీకి మూలకణాల ఇంజక్షన్లు అని లక్షలు వసూలు చేసినప్పుడూ ఇలాగే జరిగింది. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల్లో, కొన్ని రక్త సంబంధమైన జబ్బులకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతాదంతా ప్రయోగంగానే చెయ్యాలని స్పష్టంగా రాసింది. ఆ లోపలే ఎన్ని కుటుంబాలు భూములు అమ్ముకున్నాయో.

కాబట్టి తోట అమ్మకండి. ఇది నా అభిప్రాయం, మెత్తగా చెప్పడం లేదు. ఎక్కడైనా ప్రభుత్వ సంస్థలో సరైన ప్రయోగం ఉచితంగా జరుగుతుంటే, ఫిట్స్ డాక్టరు ఒప్పుకుంటే, చేరవచ్చు. నేను అడ్డు చెప్పను. అరెకరం కొబ్బరి అమ్మి చేయించదగిన వైద్యం మాత్రం కాదిది.

మరి ఏం చెయ్యాలి? ఇక్కడే మీకు ఎక్కువ పని ఉంది.

బాబు ఏడాదిన్నరకే ఆసరా లేకుండా కూర్చున్నాడని రాశారు. ఆ వాక్యం చదివి నాకు సంతోషమైంది. రెండేళ్ళలోపు అలా కూర్చోగలిగిన పిల్లల్లో చాలామంది, కర్రలతోనైనా సరే, నడుస్తారు. మిషన్ లేకుండానే. అయితే మడమలు నేలకి ఆనడం లేదంటే పిక్క కండరం పొట్టిదవుతోందన్నమాట. ఎముక పెరుగుతోంది, బిగుసుకున్న కండరం దానితో సమానంగా పెరగడం లేదు. ఇది ఆగదు. దీన్ని ఇప్పుడు పట్టుకోవాలి.

ముందు తుంటి ఎక్స్‌రే తీయించండి. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో మూడోవంతు మందికి తుంటి కీలు మెల్లగా జారిపోతుంది. నొప్పి ఉండదు, తెలియదు. తెలిసేసరికి పెద్ద ఆపరేషన్ కావలసి వస్తుంది. కాళ్ళు కత్తెర పడే పిల్లల్లో ఈ భయం ఉంది. టెక్కలి జిల్లా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తారు. దాన్ని పట్టుకుని శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్ళండి. పుట్టుకతో లోపాలున్న పిల్లల్ని చూసే కేంద్రం ఎక్కడుందో అక్కడ అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి కేంద్రాలు పెట్టారు. 2013లో మొదలైన ఆ పథకంలో పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లలకి పరీక్షలూ వైద్యమూ ఉచితం. అంగన్‌వాడీ అమ్మాయి చేత గాని, ఊళ్ళోకి వచ్చే ఆరోగ్య కార్యకర్త చేత గాని కాగితం రాయించుకుంటే పని తొందరగా అవుతుంది. అక్కడ కాకపోతే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుతారు. నౌపడాలో రైలెక్కితే పోవచ్చు గదా.

వాళ్ళు చెయ్యగలిగినవి ఇవి. పిక్కకి మెల్లమెల్లగా సాగదీస్తూ వారం వారం మార్చే పిండికట్లు. రాత్రీ పగలూ వేసుకునే ప్లాస్టిక్ కాలితొడుగులు. అవసరమైతే పిక్కలోకీ తొడ లోపలి కండరంలోకీ బొటులినం ఇంజక్షన్. పాడైన ఆహారంలో పుట్టే విషాన్నే అతి స్వల్పంగా వాడతారు, భయపడకండి. మూడు నాలుగు నెలలు కండరం మెత్తబడుతుంది. ఆ మూడు నెలలూ వ్యాయామం చేయించకపోతే ఇంజక్షన్ దండగే. బాక్లోఫెన్ మాత్రలు రాస్తే క్రమం తప్పకుండా వెయ్యండి. అయిపోయాయని హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. ఆస్ట్రేలియాలో అయోనా నొవాక్ బృందం సెరిబ్రల్ పాల్సీ వైద్యాలన్నింటినీ తూకం వేసి, ట్రాఫిక్ దీపాల్లాగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసింది. పిండికట్లూ, బొటులినమూ, ఒక పని లక్ష్యంగా పెట్టుకుని చేసే సాధనా, ఇంట్లో తల్లి చేయించే వ్యాయామమూ ఆకుపచ్చలో ఉన్నాయి. ఖరీదైన ఆక్సిజన్ గదులు ఎరుపులో ఉన్నాయి.

ఇంట్లో సాధన అన్నానుగదా, అది ఎలాగో చెబుతాను. బిడ్డని పడుకోబెట్టి కాళ్ళు పీకే పని కాదు. మంత్రసానులు నూనె రాసి బలంగా లాగుతుంటారు, అది మాన్పించండి. నూనె రాయడం తప్పులేదు, లాగడం తప్పు. మోకాలు తిన్నగా పెట్టి, అరచేత్తో మడమని పట్టుకుని, పాదాన్ని మెల్లగా పైకి వంచి, అర నిమిషం అలాగే పట్టి ఉంచండి. గింజుకుంటే వదిలి మళ్ళీ పట్టండి. రోజుకి మూడు నాలుగు పూటలు. ఊళ్ళో వడ్రంగి చేత చిన్న పీట చేయించండి. దాని మీద కూర్చుంటే మోకాళ్ళూ తుంటీ లంబంగా వంగి, అరికాళ్ళు రెండూ నేలకి ఆనాలి. ఆ ఎత్తుకి కొలిచి కోయించాలి. దాని మీదనుంచి లేవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం, ఆటగా. ముందర గోడకి ఆనించిన బల్ల మీద ఏదైనా పెట్టి, నిలబడి అందుకోమనండి. బాబుకి ఇష్టమైన పని ఒకటి ఎంచుకోండి. గుమ్మం దాటడమా, బడి మెట్టెక్కడమా, బావి గట్టు దాకా పోవడమా. ఆ ఒక్క పని రోజూ చేయించండి. మీ ఊరి ఇసకలో కాళ్ళు దిగబడతాయి, మొదట గట్టి నేల మీద నేర్పండి.

మీ వైపు ఇంట్లో పిల్లల చేత జీడిగింజలు ఏరించడం ఆటగా ఉంటుందని విన్నాను. ఎండు పప్పు అయితే సరే. పచ్చి గింజ తొక్కలోని జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది, ఈ బాబు చేతికి ఇవ్వకండి.

బరువు పదమూడు కిలోలు చాలదు. ఐదేళ్ళకి పదిహేడు దగ్గర ఉండాలి. బిగుసుకున్న కండరాలు ఊరికే శక్తిని తినేస్తాయి. అన్నంలో ఒక చెంచా నూనె ఎక్కువ వెయ్యండి. గుడ్డు, చేప, పప్పు, పల్లీలు పొడి చేసి పెట్టండి. తింటూ పొలమారితే, తరచూ దగ్గితే మాత్రం ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి.

బడికి పంపండి. అన్నీ అర్థమవుతాయని మీరే రాశారు. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. ఫిజియోథెరపీ ఏ రోజుల్లో చేయిస్తారో అడగండి. సదరం శిబిరంలో పరీక్ష చేయించి వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. నలభై శాతం దాటితే పింఛను వస్తుంది. దాన్ని 2024 జులై నుంచి నెలకి 6,000 రూపాయలు చేశారు. మస్తిష్క పక్షవాతం ఉన్నవారికి నేషనల్ ట్రస్టు వారి నిరామయ అనే ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది. అందులో వ్యాయామ చికిత్సకి కూడా కొంత ఇస్తారు. ఆ డబ్బు కాలితొడుగులకీ రైలు ఖర్చులకీ పనికొస్తుంది. పిల్లవాడు పెరిగేకొద్దీ తొడుగులు మార్చాలి, బిగిస్తే పుండు పడుతుంది.

ఎనిమిది పదేళ్ళ వయసులో ఆపరేషన్ అవసరం పడవచ్చు, పడకపోవచ్చు. అప్పటికి తోట ఉంటే మంచిదే గదా.

ప్రశ్న: మా పాపకి ఫిట్స్. పక్కింటివారు అయస్కాంతం ముంచిన నీళ్ళు తాగిస్తే మాత్రలు మానేయవచ్చంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: కాదు. నీళ్ళల్లో అయస్కాంతం ముంచితే నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. తాగినా నష్టం లేదు, మాత్రలు మానితేనే నష్టం. ఒక్క రోజు కూడా మానకండి. పైన రాసిన మిషన్‌తో ఈ నీళ్ళకి ఏ సంబంధమూ లేదు.

ప్రశ్న: మా మొదటి బాబుకి మస్తిష్క పక్షవాతం. ఏడో నెలలో పుట్టాడు. మేము మేనరికం. ఇప్పుడు నాకు మళ్ళీ నాలుగో నెల. ఈ బిడ్డకి కూడా వస్తుందా?
– ఒక సోదరి, సోంపేట

జవాబు: చాలావరకు రాదు. మొదటి బాబుకి నెలలు నిండకపోవడమే కారణమైతే, ఈసారి కాన్పు నెలలు నిండాక జరిగేలా చూసుకోవడమే ముఖ్యం. మేనరికం కాబట్టి ఒక జాగ్రత్త ఉంది. మస్తిష్క పక్షవాతంలా కనిపించే వంశపారంపర్య జబ్బులు కొన్ని ఉన్నాయి. బాబుకి ఎం.ఆర్.ఐ. తీసి ఉంటే దాన్ని పిల్లల నరాల డాక్టరుకి చూపించండి. నేర్చుకున్నవి మరిచిపోతూ, రోజురోజుకీ దిగజారుతూ ఉంటే మాత్రం అది సెరిబ్రల్ పాల్సీ కాకపోవచ్చు. ఈ కాన్పుకి ముందే ఆ సంగతి తేల్చుకోండి.

మొదటి కాన్పు తొందరగా వచ్చింది కాబట్టి రెండోదీ అలా వచ్చే అవకాశం మామూలుకంటే ఎక్కువ. ఇప్పుడే డాక్టరుకి ఆ సంగతి చెప్పండి. గర్భసంచి మూతి పొడవు స్కానింగ్‌లో చూస్తారు. నెలలు నిండకుండా నొప్పులు మొదలైతే ఇంట్లో గంటలు లెక్కపెట్టకండి, ఊళ్ళో ఎవరినో పిలవకండి. పసిపిల్లల ప్రత్యేక విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి 108లో వెళ్ళిపోండి. అక్కడ రెండు ఇంజక్షన్లు ఉంటాయి. ఒకటి బిడ్డ ఊపిరితిత్తులు బలపడడానికి ఇచ్చేది. రెండోది మెగ్నీషియం సల్ఫేట్. ఇది అయస్కాంతం కాదు, పేరు మాత్రం వినడానికి దగ్గరగా ఉంటుంది. ఎనిమిది నెలలలోపు కాన్పు తప్పదన్నప్పుడు తల్లికి దీన్ని ఇస్తే బిడ్డకి సెరిబ్రల్ పాల్సీ వచ్చే అవకాశం తగ్గుతుందని పెద్ద ప్రయోగాల్లో రుజువైంది. ఖరీదు తక్కువ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతుంది, గుర్రపువాతానికి అదే వాడతారు. బిడ్డ పుట్టకముందే ఎక్కించాలి. పుట్టాక ప్రయోజనం లేదు. అందుకే త్వరగా వెళ్ళమంటున్నాను. మొదటి కాన్పు కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి, ఏడో నెల రాగానే ఆ సంచి గుమ్మం దగ్గర తగిలించి ఉంచండి.